మార్ఫిన్, సెలైన్, వెంటిలేటర్: క్యాన్సర్ ఇళ్లలో అపోహలు - వాస్తవాలు

అపోహ: "పాలియేటివ్ కేర్‌కి పంపారంటే డాక్టర్లు చేతులెత్తేసినట్టే."

వాస్తవం: నొప్పి, ఆయాసం లాంటి బాధల్ని తగ్గించే వైద్యమిది, కీమో నడుస్తుండగానే మొదలుపెట్టాలి. విజయవాడ సూర్యారావుపేటలోనైనా, గుంటూరు కొత్తపేటలోనైనా క్యాన్సర్ డాక్టరును కలిసిన రోజే "నొప్పికీ ఆయాసానికీ ఎవరిని చూడాలి?" అని అడగండి.

అపోహ: "మార్ఫిన్ మొదలెట్టారా, ఇక రోజులే. పైగా అలవాటైపోతుంది."

వాస్తవం: మార్ఫిన్ బలమైన నొప్పి మందు. ఇవ్వడానికి నొప్పే కొలమానం, మిగిలిన రోజులు కాదు. కొత్తగా మొదలెట్టేవాళ్లకు డాక్టర్లు తరచూ రాసేది 5 మి.గ్రా., అంటే 10 మి.గ్రా. మాత్రలో సగం, నాలుగు గంటలకోసారి. పొద్దున 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10. రాత్రి పదింటి మోతాదు రెట్టింపు చేస్తే నడిరాత్రి లేపక్కర్లేదు. మొత్తం రోజుకు 30 మి.గ్రా. మధ్యలో పోటు వస్తే ఇందులో ఆరో వంతు, అంటే మరో 5. అలా ఎన్నిసార్లు వేశారో రాసిపెట్టండి, మోతాదు పెంచాలా వద్దా తేలేది ఆ కాగితంతోనే. "నొప్పొచ్చాక చూద్దాంలే" అని దాటేస్తే మందు పూర్తిగా దిగిపోయి, మళ్లీ అదుపులోకి రావడానికి గంటలు పడుతుంది.

చాలా ఇళ్లలో మందు మాన్పించేది మలబద్ధకం. మొదటి రోజు నుంచే రాత్రిపూట బిసాకోడిల్ లాంటి విరేచన మాత్ర ఉండాలి. ఇసబ్‌గోల్ వద్దు, నీళ్లు సరిగా తాగని మనిషి పేగులో అది ముద్దకట్టుకుపోతుంది. మగత రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. తగ్గకుండా చేతులు ఉలిక్కిపడుతుంటే, మాట తడబడుతుంటే కిడ్నీ పరీక్ష చేయించాలి. ఒక్కసారిగా ఆపేస్తే చెమటలు, విరేచనాలు పట్టుకుంటాయి. అది వ్యసనం కాదు, మెల్లగా తగ్గించకపోవడం వల్ల వచ్చే ఇబ్బంది. ప్రతి మందుల షాపులోనూ ఈ మాత్ర దొరకదు కనుక సంక్రాంతి సెలవులకు ముందే లెక్కబెట్టుకోండి.

అపోహ: "ఏమీ తినట్లేదు, కనీసం ఒక సెలైనైనా పెట్టించాలి."

వాస్తవం: అర లీటరు గ్లూకోజ్ సీసాలో (5 శాతం) ఉండేది 25 గ్రాముల చక్కెర, అంటే అయిదారు చెంచాలు. మామూలు సెలైన్‌లో అదీ లేదు, ఉప్పునీళ్లే. చివరి రోజుల్లో ఒంట్లో ప్రొటీన్ పడిపోయి ఉంటుంది కాబట్టి ఎక్కించిన నీరు రక్తనాళాల్లో నిలవక కాళ్లలోకి, పొట్టలోకి, ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. గొంతులో గురగుర, ఆయాసం పెరుగుతాయి. వాంతులవల్లో, కాల్షియం పెరిగో నీరసిస్తే సెలైన్ పనికొస్తుంది, అది వేరే సంగతి. ఎండేది నోరు. తడి గాజుగుడ్డతో గంటకో రెండు గంటలకో తుడిచి, పెదాలకు వాజలైన్ రాయండి. మెలకువగా ఉంటే కొబ్బరినీళ్లు చెంచాతో, మగతలో ఉంటే చుక్క కూడా వద్దు. పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

అపోహ: "వెంటిలేటర్ వద్దంటే కేసవుతుంది."

వాస్తవం: కోలుకునే ఆశ లేనప్పుడు వెంటిలేటర్ లాంటివి వద్దని రోగి ముందే రాసిపెట్టుకోవడానికి 2018లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది, 2023లో పద్ధతి తేలిక చేసింది. రోగి స్పృహలో ఉండగానే ఇద్దరు సాక్షుల ముందు ఆ కాగితం రాసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారితో ధ్రువీకరించుకోవాలి. తన తరఫున మాట్లాడేవాళ్ల పేర్లూ అందులో ఉండాలి. అమలుకు ముందు రెండు వైద్య బోర్డులు చూస్తాయి. కాగితం రాయకుండానే స్పృహ పోతే, కుటుంబం ఒప్పుకోలుతో అవే బోర్డులు నిర్ణయిస్తాయి. రాసిన కాగితం బీరువాలో ఉంటే అర్ధరాత్రి ఐసీయూ వాళ్లకు కనబడదు. ఒక కాపీ ఆసుపత్రి ఫైల్లో పెట్టించండి.