వాకిట్లో వెలుగుతున్న వత్తి

అనంతపురం నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "పన్నెండేళ్లు తాళం వేసి ఉంచిన ఇల్లండీ. వాకిలంతా బండలా బిగిసిపోయింది. బిందెడు నీళ్లు పోస్తే పక్కకు జారిపోతున్నాయి. కొందరు రాళ్లు పరిపించేయమంటున్నారు, కొందరు రెండు ట్రాక్టర్ల మట్టి తోలించమంటున్నారు. ఏది మేలు?"

రెండూ వద్దమ్మా. మీ మట్టి బాగానే ఉంది, దాని నోరే మూసుకుపోయింది. అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పున్న వాకిలి మీద అది 55,000 లీటర్లు. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు పదకొండు! అవన్నీ ఎక్కడికి పోతున్నాయన్నదే అసలు ప్రశ్న.

కొన్ని లోపలికి దిగకుండానే వీధిలోకి పోతాయి. పెద్ద చినుకు వ్యాసం 5 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, సెకనుకు దాదాపు 9 మీటర్ల వేగంతో నేలను కొడుతుంది. 1 మిల్లీమీటరు తుంపర వేగం 4 మీటర్లే. బరువు, వేగం రెండూ వేసి గతిశక్తి లెక్క కడితే పెద్ద చినుకు దెబ్బ తుంపర దెబ్బకు ఆరు వందల రెట్లు. గడ్డీ ఆకూ లేని ఎర్రనేల మీద ఆ దెబ్బ పడితే మట్టి గుళికలు చితికిపోతాయి. వాటిలోని సన్నటి బంకరేణువులు చెదిరి చుట్టూ ఉన్న సందుల్లో కూరుకుంటాయి. ఎండ రాగానే పైన పల్చటి పెంకు కడుతుంది. మీ బిందెడు నీళ్లు జారిపోయింది ఆ పెంకు మీదుగానే.

ఎలాగోలా లోపలికి దిగిన నీళ్లూ నిలవవు. ఈ సంగతి నాకెంత ఇష్టమో చెప్పలేను. దీపం వెలిగించినప్పుడు ప్రమిదను ఒక్క క్షణం గమనించండి. నూనె అడుగున ఉంటుంది, మంట పైన ఉంటుంది. మధ్యలో వత్తి నూనెను ఎక్కిస్తూనే ఉంటుంది. నేల కూడా వత్తే. అడుగున నూనెకు బదులు తడి, పైన మంటకు బదులు ఎండ. రేణువుల మధ్య సందులే నూలుపోగులు. నీరు సందులో ఎంత ఎత్తు పాకుతుందో తెలియాలంటే 30ని సందు వ్యాసంతో భాగించండి, రెండూ మిల్లీమీటర్లలోనే. సందు 0.05 అయితే ఎత్తు 600, అంటే రెండడుగులు. సందు 5 అయితే ఎత్తు 6 మాత్రమే.

బడిలో దీన్ని కేశనాళికీయత అని గాజు గొట్టం బొమ్మతో చెప్పి వదిలేస్తారు. అడుగున చిల్లులున్న ప్లాస్టిక్ గ్లాసులో పొడిమట్టి నింపి నీళ్ల పళ్లెంలో పెడితే చాలు. తడి మెట్టుమెట్టుగా ఎక్కడం పిల్లలు కళ్లారా చూస్తారు.

అన్ని వత్తులూ ఒకటి కావు. ముతక ఇసుక వదులు వత్తి, నీరు పైకి ఎక్కదు. గట్టి బంకమట్టిలో ఎక్కుతుంది కానీ నత్తనడక. ఈ రెంటికీ మధ్య ఉన్న ఎర్రమట్టిలో నీరు తగినంత ఎత్తుకూ ఎక్కుతుంది, వేగంగానూ ఎక్కుతుంది. అందుకే వాన వెలిసిన మొదటి రోజుల్లో తడినేల నుంచి నీరు దాదాపు చెరువులోంచి పోయినట్టే పోతుంది. తర్వాత పైపొర ఎండి, వత్తి కొస నుసి అయినట్టు అవుతుంది. అప్పటినుంచి నీరు ఆవిరిగా మారి ఆ పొడిపొరను దాటాలి, అది చాలా నెమ్మది. కానీ అప్పటికే నూనె సగం అయిపోయి ఉంటుంది.

కాబట్టి వత్తిని ముందే తెంపాలి. వాన వెలిశాక పదును ఉండగానే మన రైతు గుంటక తోలేది కలుపు కోసమే అనుకుంటారు. పై రెండంగుళాలు గుల్లబారితే సందులు పెద్దవై వత్తి అక్కడ తెగుతుందన్నది అందులోని రెండో లాభం. పది రోజులు ఆలస్యం చేస్తే మాత్రం దండగే. మీ వాకిట్లో గుంటక తిరగదు, పార చాలు.

అయితే గుల్లచేసిన మట్టి మీద మరో పెద్ద వాన పడితే మళ్లీ పెంకే. అందుకని మూడంగుళాల మందాన కప్పాలి. అనంతపురంలో శెనక్కాయ పొట్టుకు కొదవా! చినుకు దెబ్బను పొట్టే కాస్తుంది. పొట్టు మధ్య సందులు అంత పెద్దవి కాబట్టి నీరు వాటిలోంచి పైకి ఎక్కలేదు.

శుభ్రంగా ఊడ్చిన వాకిట్లోకే లక్ష్మి వస్తుందంటారు. గడప ముందు ముగ్గేసే చోట కళ్లాపి చల్లుకోండి, ఊడ్చుకోండి. కానీ రోజూ వాకిలంతా చల్లి ఊడిస్తే రాలిన ఆకు పోతుంది, మట్టి అదిమి సన్నటి వత్తిగా పేనినట్టవుతుంది.

ఇక బిగిసిన నేలలోకి నీళ్లను దింపే పని. దానికి చెదలున్నాయి. నాగులచవితి నాడు పుట్టలో చెంబుడు పాలు పోస్తే ఎక్కడికో దిగిపోతాయి. పాము పాలు తాగదు. పుట్ట కట్టింది చెదపురుగులు, పాలు పోయింది అవి తొలిచిన దారుల్లోకి. అదే చెంబు పక్క నేల మీద పోస్తే మడుగు కడుతుంది. ఆఫ్రికాలోని బుర్కినా ఫాసోలో యాకూబా సవదోగో అనే రైతు ఈ దారులనే వాడుకున్నాడు. బండబారిన నేలలో ఎండాకాలంలోనే చిన్న గుంతలు తవ్వి పేడ, ఆకు వేశాడు. వాటి కోసం వచ్చిన చెదలు నేలను తొలిచాయి. వాన ఆ దారుల్లో దిగింది. బీడులో పంట పండింది, తర్వాత అడవి లేచింది. 2018లో ఆయనకు 'ప్రత్యామ్నాయ నోబెల్' అని పేరున్న రైట్ లైవ్లీహుడ్ అవార్డు ఇచ్చారు.

మీరూ వేసవిలోనే అక్కడక్కడ మూరెడు వెడల్పు, జానెడు లోతు గుంతలు తీసి పశువుల ఎరువు వేయండి. గోడకూ గుమ్మానికీ రెండడుగుల దూరం వదలండి, అక్కడ చెదలు వద్దు. తొలకరికి ఆ గుంతల్లోనే గన్నేరు, నందివర్ధనం, కాగితంపూలు, ఏది దొరికితే అది నాటండి. ఒక మూల మాత్రం ఏమీ చేయకుండా అలాగే ఉంచండి. మంచి వాన పడిన వారానికి ఇనుపచువ్వ తీసుకుని పొట్టు కప్పిన చోట ఒకసారి, ఆ మూల ఒకసారి గుచ్చండి. ఎక్కడ ఎంత దిగిందో నాకు రాయండి.