సెలైన్ సీసా, తిప్పతీగ, కల్లు: ఇమ్యూనిటీ చుట్టూ అపోహలు - వాస్తవాలు

అపోహ: "నీరసంగున్నది, ఒక సెలైన్ ఎక్కిస్తే బలమొస్తది."

ఉమ్మడి నల్లగొండ, పాలమూరు ఊళ్లలో జ్వరమొచ్చినా, పత్తి ఏరి అలసినా ముందు గుర్తొచ్చేది ఆర్‌ఎంపీ దగ్గరి సీసా. అర లీటరు 5 శాతం గ్లూకోజు సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర, అంటే దాదాపు ఐదారు చెంచాలు. దాంతో వంద కేలరీలు కూడా నిండవు. ఒక్క జొన్నరొట్టెలో అంతకంటే ఎక్కువ ఉంటాయి. నార్మల్ సెలైన్ అయితే ఉత్త ఉప్పునీళ్లే, కేలరీలు సున్నా. అందులో కలిపే పసుపు మందు బి విటమిన్లు. ఆ రంగు రైబోఫ్లేవిన్‌ది, ఎక్కువైనదంతా అదే రంగులో మూత్రంలో పోతుంది.

మరి ఎక్కించుకున్నాక హుషారు ఎందుకొస్తుంది? ఒంట్లో నీరు తగ్గినవాళ్లకు నీళ్లు అందుతాయి, పైగా రెండు గంటలు పడుకుంటారు. చాలాసార్లు సీసాతో పాటు నొప్పి సూది, డెక్సా లాంటి స్టెరాయిడ్ కూడా పడుతుంది. అసలు తిరకాసు ఇక్కడే. స్టెరాయిడ్ జ్వరాన్నీ ఒళ్లు నొప్పులనూ గంటల్లో అణుస్తుంది, తరచూ వేయించుకుంటే రోగనిరోధక శక్తినే అణుస్తుంది. షుగర్ ఉన్నవాళ్లకు షుగర్ ఎగబాకుతుంది. జ్వరం డెంగీ అయి ఉంటే డైక్లోఫెనాక్ సూదితో రక్తస్రావం ముప్పు. గుండె, కిడ్నీ జబ్బులున్న పెద్దవాళ్లకు గబగబా ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం వస్తుంది. రోజూ బాగా తాగే మనిషికి ముందుగా బి1 విటమిన్ ఇవ్వకుండా గ్లూకోజు పెడితే మెదడుకే దెబ్బ.

వాంతులతో నోట్లో ఏదీ నిలవనప్పుడు, విరేచనాలతో మనిషి సోలిపోయినప్పుడు సెలైన్ ప్రాణం నిలుపుతుంది. తాగగలిగిన మనిషికి మాత్రం ఓఆర్‌ఎస్ చాలు. పెద్ద పొట్లాన్ని మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి, 24 గంటలు దాటితే పారబోయాలి. గ్లాసుకు చిటికెడు చొప్పున వేసుకుంటే ఉప్పు, చక్కెర పాళ్లు తప్పుతాయి.

అపోహ: "జ్వరం తగ్గినోళ్లకు గుడ్డు, పప్పు పెట్టొద్దు. పత్తెం ఉండాలె."

రోగక్రిములతో పోరాడే యాంటీబాడీలంటే ప్రొటీన్లే. జ్వరంలో ఒళ్లు తన కండనే కరిగించి వాటిని తయారుచేసుకుంటుంది. ఆ సమయంలో పది రోజులు చారన్నం, బ్రెడ్డు మీద ఉంచితే కోలుకోవడం ఆలస్యమవుతుంది, మళ్లీ జబ్బు పడటం తేలికవుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకే కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. 55 కిలోల మనిషికి దాదాపు 46 గ్రాములు. రెండు జొన్నరొట్టెలకు పట్టే వంద గ్రాముల పిండిలో పది, 50 గ్రాముల కందిపప్పులో పదకొండు, రెండు గుడ్లలో పన్నెండు, గుప్పెడు పల్లీల్లో ఏడు, పావు లీటరు పాలలోనో పెరుగులోనో ఎనిమిది. సరిపోయింది. నోరు చేదుగా ఉంటే పెసరపప్పు పలుచగా ఉడికించి, గుడ్డు ఉడకబెట్టి, కొంచెం కొంచెంగా ఐదారుసార్లు పెట్టండి. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం డాక్టరు చెప్పిన కొలత దాటొద్దు.

తిండితో రోగాన్ని ఆపొచ్చనడానికి గట్టి రుజువు మన దేశంలోనే ఉంది. జార్ఖండ్‌లో టీబీ రోగుల ఇంట్లోవాళ్లకు మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు, విటమిన్-ఖనిజాల మాత్రలు ఇచ్చి చూశారు. ఫలితాలు 2023లో వెలువడ్డాయి. అవి అందుకున్న ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది, అంటుకునే రకం ఊపిరితిత్తుల టీబీ అయితే 48 శాతం. వలస పోయి గుడిసెల్లో ఇరుకుగా ఉండే పాలమూరు కుటుంబాలకు ఇంతకంటే పనికొచ్చే ఇమ్యూనిటీ మందు మాకైతే తెలియదు.

అపోహ: "తిప్పతీగ, కషాయం సహజమైనయి. ఎంత తాగినా ఏం గాదు."

మిరియాలు, శొంఠి వేసిన కషాయం గొంతుకు హాయినిస్తుంది, అంతవరకు మంచిదే. పరగడుపున గాఢంగా రోజుకు మూడు నాలుగుసార్లు తాగితే కడుపులో మంట పుడుతుంది, పుండు ఉన్నవాళ్లకు ఇంకా చేటు. తిప్పతీగ సంగతి వేరు. కరోనా కాలం నుంచి దాన్ని రోజూ వాడినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసులను మన దేశపు లివర్ డాక్టర్లు ప్రచురించారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, అలాగే కనిపించే వేరే తీగ వాడి ఉంటారంది. ఎవరి మాట నిజమైనా చిక్కు మీకే, ఎందుకంటే కంచె మీద తెంపిన తీగ ఏదో పోల్చుకోవడం కష్టం. కీళ్లవాతం, సోరియాసిస్ లాంటి ఆటోఇమ్యూన్ (రోగనిరోధక శక్తే సొంత ఒంటి మీద తిరగబడే) జబ్బులున్నవాళ్లు, గర్భిణులు దాని జోలికి పోవద్దు. వాడేవాళ్లకు కళ్లు పచ్చబడినా, మూత్రం చిక్కటి రంగుకు మారినా, అన్నం సహించకపోయినా వెంటనే ఆపి లివర్ పరీక్ష చేయించాలి. అది కామెర్లని పసరు వైద్యానికి పోతే రెండో దెబ్బ.

అపోహ: "బత్తాయి, సీతాఫలం తింటే సర్ది చేస్తది."

సర్ది వైరస్‌తో వస్తుంది, పండుతో కాదు. నల్లగొండ బత్తాయి, బాలానగర్ సీతాఫలం రెండింట్లోనూ సి విటమిన్ ఉంది. జామకాయలో ఇంకా ఎక్కువ, ఒకటి తింటే ఆ రోజుకు సరిపోతుంది. అలాగని సి విటమిన్ మాత్రలు మింగితే జలుబు రాదనుకోవడమూ తప్పే. రోజూ వేసుకునేవాళ్లకు జలుబు కాస్త తొందరగా తగ్గుతుందంతే. నిమ్మరసం మరుగుతున్న దాంట్లో పిండకుండా దించాక పిండండి.

అపోహ: "ముర్రుపాలు పిండేయాలె, పసిపిల్లకు గాడిదపాలు పోస్తే రోగాలు రావు."

ముర్రుపాలు పసుపుగా, చిక్కగా ఉంటాయని పారబోయడాన్ని మించిన నష్టం లేదు. బిడ్డ పేగులకు పూత పట్టినట్టు కాపు కాసే యాంటీబాడీలు అందులోనే దండిగా ఉంటాయి. పుట్టిన గంటలోపు పట్టించాలి, ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా వద్దు. వీధిలో పిండి పోసే గాడిదపాలు పచ్చివి, వాటితో విరేచనాలు పట్టుకోవచ్చు. ఏడాది లోపు తేనె నాకిస్తే బొట్యులిజం అనే పక్షవాతం లాంటి జబ్బు రావచ్చు. ఆముదం బలవంతంగా పోసినా, ముక్కులో వేసినా ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తెస్తుంది. బిడ్డకు నిజంగా ఇమ్యూనిటీ ఇచ్చేవి బుధ, శనివారాల్లో వేసే టీకాలు. టీకా వేశాక ఒకట్రెండు రోజులు వెచ్చబడటం మామూలే. జ్వరమొచ్చిందని తర్వాతి డోసు ఎగ్గొట్టొద్దు.

అపోహ: "కల్లు చెట్టు నుంచి వచ్చిందే గదా, ఒంటికి బలం."

దించిన గంటల్లోనే పులవడం మొదలై ఆల్కహాల్ పెరుగుతుంది. రోజూ ఎక్కువగా తాగేవాళ్లకు న్యుమోనియా, టీబీ ముప్పు ఎక్కువ. కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డైజెపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతారు. దానికి అలవాటుపడ్డ మనిషి ఒక్కసారిగా మానేస్తే ఒకట్రెండు రోజుల్లో చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం, తనలో తాను మాట్లాడుకోవడం, ఫిట్స్ మొదలవుతాయి. గాలి సోకిందని తాయెత్తు కట్టి కూర్చోబెడితే ప్రాణం మీదికొస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోండి, అక్కడ మందు ఇచ్చి మెల్లగా తగ్గిస్తారు. రోజుకెన్ని సీసాలు తాగేవాడో, చివరిసారి ఎప్పుడు తాగాడో డాక్టరుకు దాచకుండా చెప్పండి.