పాత ఎలక్ట్రిక్ గిటార్ ఏ సంవత్సరంది? అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో గిటార్లు రిపేర్ చేస్తాను. ఒకప్పుడు ఆర్కెస్ట్రాల్లో వాయించిన పెద్దవాళ్ల ఇళ్ల నుంచి, అమెరికాలో ఉన్న పిల్లలు కొని పంపిన వాళ్ల నుంచి పాత గిటార్లు నా దగ్గరికి వస్తుంటాయి. అందరూ ముందు అడిగేది ఒకటే: "అన్నా, ఇది ఏ సంవత్సరంది?"

అపోహ: సీరియల్ నంబర్ చూస్తే తేలిపోతుంది.
ఫెండర్, గిబ్సన్ రెండూ అమెరికా గిటార్ కంపెనీలు. 1960ల ఫెండర్‌లో నంబర్ ఉండేది నెక్ (తీగల కింద ఉండే పొడవాటి పిడి) బిగించే మెటల్ ప్లేట్ మీద. నాలుగు స్క్రూలు విప్పితే ఆ ప్లేట్ ఇంకో గిటార్‌కి వెళ్లిపోతుంది. పైగా ఫ్యాక్టరీలో ప్లేట్లను నంబర్ల వరసలో బిగించలేదు. గిబ్సన్ అయితే 1960ల్లో ఒకే నంబర్‌ను వేర్వేరు సంవత్సరాల్లో మళ్లీ మళ్లీ వేసింది. 1977లో ఎనిమిదంకెల పద్ధతి వచ్చాక కాస్త నయం. 82765501 అని ఉంటే మొదటి, ఐదో అంకెలు కలిపి 85, మధ్యలోది 276. అంటే 1985లో 276వ రోజు, అక్టోబర్ 3.

అపోహ: పాట్ (శబ్దాన్ని, టోన్‌ను పెంచి తగ్గించే భాగం) మీద ఉన్న తేదీయే గిటార్ తయారైన తేదీ.
ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే పాట్ వెనక టార్చ్ వేసి చూడండి, చిన్న అంకెలు గుద్ది ఉంటాయి. 137 6625 అనుకుందాం. 137 అంటే సీటీఎస్ కంపెనీ (304 అయితే స్టాక్‌పోల్), 66 సంవత్సరం, 25 వారం. అంటే 1966లో 25వ వారంలో ఆ పాట్ తయారైంది, గిటార్ కాదు. ఫెండర్ 1966లో పాట్లు భారీగా కొని పెట్టుకుంది, అవి 1969 దాకా వాడింది. కాబట్టి 66 పాట్ ఉన్న గిటార్ 69ది కూడా కావచ్చు. 1966 కంటే ముందుది మాత్రం కాదు, ఆ పాట్ మొదటి నుంచీ అందులోనే ఉంటే.

మొదటి నుంచీ ఉందా లేదా అన్నది సోల్డరింగ్ చెబుతుంది. ఎవరూ ముట్టుకోని అతుకు ఒకే పొరగా, నున్నగా ఉంటుంది. మళ్లీ వేడిచేసిన చోట పాత ముద్ద మీద కొత్త మెరుపు, పక్కన మాడిన ఫ్లక్స్ (సోల్డరింగ్‌కి వాడే జిగురులాంటి పదార్థం), వైరు తొడుగు కొసన కాలిన మరక కనిపిస్తాయి. నేను పాట్ నంబర్ కంటే ముందు చూసేది ఇదే.

నెక్ విప్పితే, బాడీకి బిగించే దాని చివర (మడమ) దగ్గర పెన్సిల్‌తో రాసిన తేదీయో, ముద్రో దొరకొచ్చు. అది కూడా నెక్ తయారైన తేదీయే.

అపోహ: పెయింట్ పగిలి ఉంటే అసలైన పాతది.
కాదు. చలి నుంచి ఒక్కసారిగా వేడిలోకి వస్తే నైట్రో లాకర్ (పాత గిటార్లకు వేసే పూత) పగులుతుంది. ఏసీ గదిలోంచి మన మే నెల ఎండలోకి తెచ్చినా పగలొచ్చు. పైగా కొత్త గిటార్లనే పాతవాటిలా అరగదీసి ఫెండర్ 1995 నుంచి అమ్ముతోంది.

అపోహ: పికప్ (తీగల కంపనాన్ని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం) కింది పేటెంట్ నంబర్‌ను బట్టి సంవత్సరం పట్టుకోవచ్చు.
1960ల గిబ్సన్ హంబకర్ (ఒక రకం పికప్) మీద 2,737,842 అన్న నంబర్ ఉన్న స్టిక్కర్ ఉంటుంది. అది ఆ పికప్ పేటెంట్ కానే కాదు, గిటారిస్ట్ లెస్ పాల్ టెయిల్‌పీస్‌ది (తీగల చివరలు పట్టుకునే లోహపు భాగం)! స్టిక్కర్ ఏ కాలం నాటిదో ఒక అంచనా ఇస్తుంది, అంతే. స్టిక్కర్లు కూడా ఇప్పుడు కొత్తవి అచ్చేసి అమ్ముతున్నారు.

ఫ్రెట్‌బోర్డ్ (నెక్ మీద వేళ్లు ఆనించే చెక్క) ఎర్రగా ఉంటే "శేషాచలం ఎర్రచందనమా?" అని మన ఊళ్లో తప్పకుండా అడుగుతారు. అది రోజ్‌వుడ్, వేరే చెట్టు.

నేను లెక్క కట్టేది ఇలా. నెక్, పాట్లు, పికప్‌లు, సీరియల్, వైరింగ్ అన్నీ చూసి, మొదటి నుంచీ ఉన్నవాటిలో అన్నిటికంటే కొత్త తేదీని పట్టుకుంటాను. గిటార్ దానికంటే ముందుది కాలేదు. మిగతావి దానికి ఏడాది రెండేళ్ల లోపే ఉంటే నమ్మకంగా చెబుతాను. ఒకటి 1964, ఇంకోటి 1972 అంటే ఏదో మారిందని అర్థం.

గిటార్ తెచ్చేముందు దయచేసి పాలిష్ చేయకండి, తుప్పు పట్టిన స్క్రూలు మార్చకండి. గరగరలాడే పాట్‌ను తీసేయాల్సిన పని లేదు, చాలావరకు క్లీనర్ కొడితే సరిపోతుంది. ఇప్పటికే ఎవరైనా మార్చి ఉంటే, తీసేసిన పాతది కవర్లో వేసి గిటార్‌తో పాటే తీసుకురండి.