వేలి నుంచి ఒక్క చుక్క: దగ్గుకు యాంటీబయాటిక్ అక్కర్లేదని చెప్పే పరీక్ష వెనుక కథ

"దగ్గు, జ్వరం అండీ. మూడు రోజుల కోర్సు ఏదైనా ఇవ్వండి." మన ఊళ్లలో ఏ మందుల షాపు ముందు నిలబడినా ఈ మాట వినపడుతుంది. మూడు అజిత్రోమైసిన్ మాత్రల షీటు కౌంటర్ మీదికి వస్తుంది. వైరస్ జ్వరం సాధారణంగా మూడో రోజుకు దానంతటదే దిగిపోతుంది. తగ్గించిన పేరు మాత్రకు దక్కుతుంది. మళ్లీ దగ్గొస్తే మళ్లీ అదే మాత్ర. 2019లో దేశంలోని ప్రైవేటు అమ్మకాల లెక్కల ప్రకారం, అన్నిటికన్నా ఎక్కువగా వాడిన యాంటీబయాటిక్ అజిత్రోమైసిన్ 500 మాత్రే.

ఇందులో తప్పంతా అడిగేవాళ్లదే అనలేం. ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి ఇది వైరసా, యాంటీబయాటిక్‌కు లొంగే బ్యాక్టీరియానా అని చెప్పడం డాక్టరుకూ కష్టమే. కఫం పసుపుపచ్చగా ఉన్నంత మాత్రాన బ్యాక్టీరియా అని కాదు. కానీ న్యుమోనియాను పోల్చుకోలేకపోతే ప్రాణానికే ముప్పు. అందుకే "ఎందుకైనా మంచిది" అని రాసేస్తారు. రకరకాల బ్యాక్టీరియాల మీద పనిచేసే ఆరియోమైసిన్ 1948లో వెలుగులోకి వచ్చాక అలా రాయడం ఇంకా సులువైంది. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన విభాగానికి నాయకత్వం వహించిన లెడర్లీ సంస్థలోనే బెంజమిన్ డగ్గర్ ఆ మందును కనిపెట్టారు. అలాంటి మందులు ఎన్నో ప్రాణాలు నిలబెట్టాయి. అనవసరంగా వాడితే బ్యాక్టీరియా వాటికి లొంగకుండా పోతుంది. వాటి పదును పోకుండా కాపాడుకోవాలనే ఈ బాధంతా.

సందేహం తీర్చే ఆధారం మాత్రం అంతకు ముందే దొరికింది. 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో విలియం టిల్లెట్, థామస్ ఫ్రాన్సిస్ న్యుమోనియా రోగుల రక్తంలో ఒక ప్రొటీన్‌ను గుర్తించారు. న్యూమోకాకస్ బ్యాక్టీరియాలోని 'సి' అనే పదార్థంతో అది కలిసి మడ్డిలా దిగుతుంది. అందుకే సి-రియాక్టివ్ ప్రొటీన్, అంటే సీఆర్‌పీ అన్నారు. ఒంట్లో వాపు, ఇన్‌ఫెక్షన్ ఉంటే కాలేయం దీన్ని ఎక్కువగా తయారుచేస్తుంది; బ్యాక్టీరియా అయితే సాధారణంగా ఇంకా బాగా పెరుగుతుంది. వేలిమీద పొడిచి, ఒక్క చుక్క తీసి, రోగి కుర్చీలో ఉండగానే కొద్ది నిమిషాల్లో అంకె చూపే చిన్న మిషన్లు వచ్చాక నార్వే, స్వీడన్ వంటి దేశాల్లో మామూలు క్లినిక్‌లలోకి ఈ పరీక్ష చేరింది.

నెదర్లాండ్స్‌లో 40 మంది ఫ్యామిలీ డాక్టర్లతో చేసిన అధ్యయనం 2009లో వెలువడింది. ఛాతీలో ఇన్‌ఫెక్షన్‌తో వచ్చినవారిలో, ఈ పరీక్ష లేనిచోట 53 శాతం మందికి యాంటీబయాటిక్ రాశారు. పరీక్ష ఉన్నచోట 31 శాతానికే. కోలుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ అధ్యయనంలో నన్ను ఎక్కువగా కదిలించింది ఇంకొకటి. రోగి భయమేమిటో అడిగి, దగ్గు ఎన్నాళ్లుంటుందో వివరించడంలో శిక్షణ పొందిన డాక్టర్లూ దాదాపు అంతే తగ్గించగలిగారు: 27 శాతం. అంకె ఎంత పని చేసిందో, మాటా అంత పని చేసింది.

2014లో వైద్య మార్గదర్శకాలిచ్చే బ్రిటన్ సంస్థ నైస్ ఈ అంకెకు హద్దులు గీసింది. లీటరు రక్తంలో సీఆర్‌పీ 20 మిల్లీగ్రాముల లోపుంటే మామూలుగా యాంటీబయాటిక్ వద్దు. 100 దాటితే ఇవ్వాలి. మధ్యలో ఉంటే చీటీ రాసిచ్చి, తగ్గకపోతేనే కొనమనాలి. 2016లో వెలువడిన వియత్నాం అధ్యయనం మనకు మరీ దగ్గరిది. హనోయి పరిసరాల్లోని 10 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, రెండు వారాల్లోపు యాంటీబయాటిక్ వాడినవారు ఈ పరీక్ష లేనివారిలో 78 శాతం, పరీక్ష చేసినవారిలో 64 శాతం. తగ్గుదల చిన్నదే, కానీ అది మందులు సులువుగా దొరికే దేశం.

సీఆర్‌పీ జోస్యం చెప్పదు. జబ్బు మొదలైన తొలి గంటల్లో తక్కువ చూపించవచ్చు, ఫ్లూలోనూ పెరగవచ్చు. ఆయాసపడుతున్న మనిషిని అంకె చూసి ఇంటికి పంపకూడదు.

మన దగ్గర సీఆర్‌పీ కొత్తేమీ కాదు, చిన్న పట్టణాల ల్యాబుల్లోనూ చేస్తారు. అయితే పొద్దున రక్తమిస్తే చాలాచోట్ల రిపోర్టు సాయంత్రానికి వస్తుంది. ఈలోగా మొదటి మాత్ర మింగేసి ఉంటారు. సాధారణ దగ్గు, జ్వరానికి యాంటీబయాటిక్ వద్దని, దగ్గు మూడు వారాల దాకా ఉండొచ్చని 2023 మార్చిలో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ చెప్పింది. అంతకు ముందే, 2013లో, షెడ్యూల్ హెచ్1 అనే, అమ్మకం మీద గట్టి నిఘా ఉండే మందుల జాబితా తెచ్చారు. అందులోని మందు అమ్మితే రిజిస్టర్‌లో రాసి, ఆ రికార్డు మూడేళ్లు ఉంచాలి. ఆ తొలి జాబితాలో సెఫిక్సిమ్ ఉంది, అజిత్రోమైసిన్ లేదు.