బోస్టన్ వదిలించుకున్న ఆర్గన్, మెథూయెన్ కట్టిన గూడు

యూరప్‌లో, అమెరికాలో చర్చిలు మూతపడే కొద్దీ పాత పైప్ ఆర్గన్లకు, అంటే గొట్టాల్లోకి గాలి పంపి మోగించే భారీ వాద్యాలకు, కొత్త చోటు వెతకాల్సి వస్తోంది. విప్పి తరలించడం ఒక పని. తిరిగి కట్టేటప్పుడు పాత నాదాన్నే నిలపాలా, మార్చాలా అన్నది అసలు గొడవ. ఇందులో ఎవరి పక్షం వహించాలన్నా మసాచుసెట్స్‌లోని మెథూయెన్ ఆర్గన్ చరిత్ర తెలియాలి.

దీన్ని తయారుచేసింది జర్మనీలోని లుడ్విగ్స్‌బర్గ్‌కు చెందిన వాల్కర్ సంస్థ. అమెరికాలో అంతర్యుద్ధం సాగుతుండగానే, 1863 నవంబర్ 2న బోస్టన్ మ్యూజిక్ హాల్‌లో తొలి కచేరీ జరిగింది. ఖర్చు దాదాపు 60 వేల డాలర్లు. గొట్టాలే ఐదు వేలకు పైన. చెక్క ముఖభాగం న్యూయార్క్‌లోని హెర్టర్ బ్రదర్స్ పనితనం.

1881లో బోస్టన్ సింఫనీ ఆర్కెస్ట్రా పుట్టి, అదే హాల్లో వాయించసాగింది. వేదిక ఇరుకైపోయింది. 1884లో ఆర్గన్‌ను 5 వేల డాలర్లకు అమ్మేశారు. కొన్నాయన దాన్ని సంగీత కళాశాలకు ఇవ్వాలనుకున్నా అది జరగలేదు. అంతటి వాద్యం ఏళ్ల తరబడి షెడ్డులో పడి ఉంది. చివరికి 1897 వేలంలో ఎడ్వర్డ్ సీర్ల్స్ 1,500 డాలర్లకే దక్కించుకున్నాడు.

సీర్ల్స్ ఒకప్పుడు ఆ హెర్టర్ బ్రదర్స్‌లోనే పనిచేసిన అలంకరణ నిపుణుడు. రైల్వే సంపన్నుడు మార్క్ హాప్కిన్స్ భార్యను, ఆయన పోయాక, పెళ్లాడి ధనవంతుడయ్యాడు. ఈ ఆర్గన్ కోసమే వాస్తుశిల్పి హెన్రీ వాన్ చేత మెథూయెన్‌లో ప్రత్యేకంగా హాలు కట్టించాడు. 1909 డిసెంబర్ 9న అక్కడ మళ్లీ మోగింది. పైప్ ఆర్గన్ నాదంలో గది ప్రతిధ్వనిది పెద్ద పాలు. అందుకే దీన్ని నిజంగా బతికించింది ఆ గోడలేనని నా నమ్మకం.

1931లో ఆర్గన్ నిర్మాత ఎర్నెస్ట్ స్కిన్నర్ ఆ హాలు కొన్నాడు. 1943లో పక్కనున్న ఫ్యాక్టరీ కాలిపోయినా హాలు దక్కింది. 1946లో దాని కోసమే ఏర్పడ్డ లాభాపేక్ష లేని సంస్థ చేతికొచ్చింది. వెంటనే ఇయోలియన్-స్కిన్నర్ కంపెనీ, డొనాల్డ్ హారిసన్ ఆధ్వర్యంలో, పునర్నిర్మాణం మొదలుపెట్టి 1947లో ముగించింది. వాల్కర్ గొట్టాలు చాలావరకు ఉంచి, కొన్ని తీసేసి, కొత్తవి చేర్చారు. ముఖభాగం అదే, గొంతు మారింది. 1863 నాటి శ్రోతలు విన్న నాదం పోయింది, అది చిన్న నష్టం కాదు.

అయినా వెనక్కి మార్చాలన్న వాదన నాకు ఒప్పుదల కాదు. హారిసన్ పనికీ ఇప్పుడు డెబ్బై ఏళ్లు దాటాయి. పోయినదాన్ని ఊహించి కట్టబోయి ఆ పనిని చెరిపేస్తే, ఉన్న చరిత్ర కూడా చేజారుతుంది.