అరవై ముక్కల లెక్క

మ్యాజిక్, పోకెమాన్ లాంటి కార్డు ఆటల్లో ఎవరి పేక వాళ్ళే కూర్చుకుంటారు, దాన్నే డెక్ అంటారు. అలాంటి అరవై ముక్కల డెక్‌లో మీ ఆటంతా ఆధారపడిన కార్డు నాలుగు కాపీలు పెట్టుకున్నారనుకోండి. అంతకు మించి పెట్టడానికి రూల్స్ ఒప్పుకోవు. బాగా కలిపి పైనుంచి ఏడు ముక్కలు తీసుకున్నారు. వాటిలో ఆ కార్డు ఒక్కటైనా ఉండే అవకాశం ఎంత? కొత్తగా ఆడేవాళ్ళు సగానికి పైనే అనుకుంటారు. లెక్క వేస్తే వచ్చేది 40 శాతం. అంటే సగటున అయిదు ఆటల్లో మూడు ఆటలు ఆ ముక్క చేతిలో లేకుండానే మొదలవుతాయి.

టోర్నమెంటుకి ఏ డెక్ పట్టుకెళ్ళాలన్న ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. "అన్నిటికన్నా బలమైన డెక్ ఏది?" అని ఊరికే అడిగితే జవాబు దొరకదు. ఎన్ని ఆటల్లో అది అనుకున్నట్టు నడుస్తుంది, ఎవరి మీద నడుస్తుంది, ఆ సంగతి మనకెలా తెలిసింది అని కూడా అడగాలి. ఈ మూడూ సంభావ్యతకి సంబంధించిన ప్రశ్నలే. ఇంటర్మీడియట్ లెక్కలతో చాలా దూరం వెళ్ళొచ్చు.

ఈ ఆటల పుట్టుకలోనే గణితం ఉంది. 1993లో వచ్చిన మ్యాజిక్: ది గ్యాదరింగ్‌ని తయారుచేసిన రిచర్డ్ గార్‌ఫీల్డ్ గణితంలో, అందులోనూ వేటిని ఎన్ని రకాలుగా కూర్చవచ్చో లెక్కపెట్టే కాంబినటోరిక్స్‌లో, పీహెచ్‌డీ చేసినవాడు. ఆ తర్వాత 1996లో జపాన్‌లో పోకెమాన్ కార్డులు, 1999లో యు-గి-ఓ వచ్చాయి. రమ్మీలో బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరికీ ఒకటే పేక. వీటిలో ఎవరి పేక వాళ్ళదే. వేల రకాల కార్డుల్లోంచి ఏరి, ఇంటి దగ్గరే కూర్చుకుని తెచ్చుకోవాలి. కుర్చీలో కూర్చునేసరికే సగం ఆట అయిపోయి ఉంటుంది.

కొండాపూర్, జూబ్లీహిల్స్ వైపు బోర్డ్ గేమ్ కేఫ్‌లలో ఆదివారాలు ఈ డెక్‌లు పట్టుకుని కూర్చునే పిల్లలు, ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు కనిపిస్తారు. ఇళ్ళలో పెద్దవాళ్ళకి మాత్రం ముక్కలు కనిపిస్తే పేకాటే. ఆ మాటకొస్తే అదృష్టానికీ నైపుణ్యానికీ మధ్య గీత ఎక్కడ గీయాలన్న తగువు మన జంటనగరాల నుంచే సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1963లో సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడుతున్నవాళ్ళ మీద పోలీసులు కేసు పెట్టారు. 1967 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆటే అంది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారెయ్యాలో తేల్చుకోవాలి, మూడు ముక్కలాటలా పూర్తిగా అదృష్టం కాదు అంది. పంచిన ముక్కలతో ఆడేదాంట్లోనే అంత ఆలోచన ఉంటే, ముక్కలు కూడా మనమే ఎంచుకునే ఆటలో ఎంత ఉండాలి!

ఇందాకటి 40 శాతం ఎలా వచ్చిందో చూద్దాం. అరవై స్థానాల్లో మొదటి కాపీ పై ఏడింటిలో పడకుండా ఉండే అవకాశం 53/60. అది పోయాక రెండో కాపీకి 52/59, మూడోదానికి 51/58, నాలుగోదానికి 50/57. నాలుగూ గుణిస్తే 0.60. అది ఒక్క కాపీ కూడా రాని అవకాశం, మిగిలిన 0.40 మనది. ఒక్క కాపీ పెడితే 12 శాతం, రెండు పెడితే 22, మూడు పెడితే 31.5. గణాంకశాస్త్రంలో దీన్ని హైపర్‌జియోమెట్రిక్ డిస్ట్రిబ్యూషన్ అంటారు.

మంచి ఆటగాళ్ళు ఈ 40ని అలా వదిలెయ్యరు. డెక్‌లోంచి కావలసిన ముక్కని వెతికి తెచ్చే కార్డులు ఇంకో నాలుగు పెడతారు. ఇప్పుడు ఎనిమిదిట్లో ఏది వచ్చినా పనవుతుంది, అవకాశం 65 శాతానికి పెరుగుతుంది. డెక్ మందం కూడా అంతే ముఖ్యం. యు-గి-ఓలో 40 నుంచి 60 ముక్కల దాకా పెట్టుకోవచ్చు, ఒక కార్డు మూడు కాపీలు, మొదటి చేతికి అయిదు ముక్కలు. డెక్ 40 అయితే ఆ మూడిట్లో ఒకటి చేతికొచ్చే అవకాశం 34 శాతం. 60 అయితే 23. "ఇది కూడా బాగుంది, పెట్టేద్దాం" అనుకుంటూ చేర్చిన ప్రతి ముక్కా మిగతా వాటిని వెనక్కి నెడుతుంది. మొదటిసారి డెక్ కట్టేవాళ్ళకి నేను చెప్పే మొదటి మాట ఇదే: బాగున్న కార్డుని తీసేయడం నేర్చుకోవాలి.

పోకెమాన్ బల్ల దగ్గర ఇది కళ్ళకి కట్టినట్టు కనిపిస్తుంది. అక్కడ మొదటి ఏడు ముక్కల్లో కనీసం ఒక బేసిక్ పోకెమాన్, అంటే నేరుగా బల్ల మీదకి దించగలిగే పోకెమాన్, ఉండాలి. లేకపోతే చెయ్యి ఎదుటివాళ్ళకి చూపించి, మళ్ళీ కలిపి, మళ్ళీ ఏడు తీసుకోవాలి. అందుకు పరిహారంగా ఎదుటివాళ్ళు ఒక ముక్క అదనంగా తీసుకోవచ్చు. ఒక ఆదివారం పదో తరగతి కుర్రాడొకడు ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఎదురుగా కూర్చున్నాడు. ఏడు ముక్కలూ బల్ల మీద పరిచాడు. "మల్లిగన్ అన్నా, బేసిక్ రాలే." మళ్ళీ కలిపాడు, మళ్ళీ పరిచాడు. "మళ్ళానా తమ్ముడూ?" అంటూ అతను తనకొచ్చే రెండో అదనపు ముక్క లెక్కపెట్టుకున్నాడు. కుర్రాడి మొహం ఎర్రబడింది. తన టైమ్ బాలేదనుకున్నాడు. ఆట అయ్యాక డెక్ తిరగేస్తే బేసిక్‌లు ఎనిమిదే ఉన్నాయి. ఎనిమిదే ఉంటే చెయ్యి ఖాళీగా వచ్చే అవకాశం దాదాపు 35 శాతం, వరసగా రెండుసార్లు అలా జరగడానికి 12 శాతం. పన్నెండు ఉంటే మొదటిది 19 శాతానికి తగ్గేది. టైమ్ సంగతి కాదు, నాలుగు ముక్కల సంగతి.

లెక్క సరిగ్గా వేసినా మిగిలే దురదృష్టం కొంత ఉంటుంది. మ్యాజిక్‌లో మిగతా కార్డులు ఆడటానికి కావలసిన శక్తినిచ్చేవి ల్యాండ్ కార్డులు. అరవైకి 24 పెట్టడం మామూలు. అలా పెట్టినా మొదటి ఏడింటిలో ఒకటో సున్నానో, లేదా అయిదూ అంతకు మించో వచ్చే అవకాశం 22 శాతం పైనే. అందుకే మొదటి చెయ్యి బాగోకపోతే మళ్ళీ కలిపి కొత్త చెయ్యి తీసుకునే నియమం పెట్టారు.

ఈ లెక్కలన్నీ ముక్కలు నిజంగా కలిశాయన్న నమ్మకం మీద నిలబడ్డాయి. 1992లో డేవ్ బేయర్, పర్సీ డయాకోనిస్ 52 ముక్కల పేకని రెండు సగాలు చేసి ఒకదాన్లోకి ఒకటి జొనిపే పద్ధతిలో ఏడుసార్లు కలిపితే సరిపోతుందని లెక్కకట్టారు. (డయాకోనిస్ పద్నాలుగేళ్ళకే ఇల్లు వదిలి ఇంద్రజాలికుడి వెంట వెళ్ళినవాడు. ఆ చేతుల్లోంచి ఈ సిద్ధాంతం రావడం నాకెంతో ఇష్టమైన సంగతి.) అరవైకి ఇంకొక్కసారి కలిపితే మంచిదే. ముక్కల్ని ఆరు కుప్పలుగా వరసపెట్టి వేసి పేర్చడం మాత్రం కలపడం కాదు. అందులో యాదృచ్ఛికత అన్నదే లేదు, ఎక్కడున్న ముక్క ఎక్కడికి వెళ్తుందో ముందే చెప్పొచ్చు. ముక్కలు లెక్కపెట్టుకోవడానికే పనికొస్తుంది. ఇంకొందరు కలపడానికి ముందు ల్యాండులనీ మిగతా ముక్కలనీ ఒకటి విడిచి ఒకటి పేరుస్తారు. ఆ తర్వాత బాగా కలిపితే ఆ పేర్పు వృథా. బాగా కలపకపోతే అది మోసం. మధ్యలో ఇంకోటి లేదు.

ఇక డెక్ మంచిదో కాదో ఎలా తెలుస్తుంది? స్నేహితుడితో పది ఆటలు ఆడి, ఆరు గెలిచి, "60 శాతం డెక్ అన్నా ఇది" అంటారు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలిసిపోతుంది, ఎందుకంటే గిన్నెలో మెతుకులన్నీ ఒకేలా ఉడుకుతాయి. ఆటలు అలా కాదు. రెండు డెక్‌లూ సరిసమానమైనా, పదిట్లో ఆరు అంతకన్నా ఎక్కువ గెలిచే అవకాశం 38 శాతం. ఏడు అంతకన్నా ఎక్కువకి కూడా 17 శాతం ఉంది.

ఈ విషయంలో మనం తప్పకుండా తలుచుకోవలసిన మనిషి గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు. ఇప్పటి కర్ణాటకలోని హడగళిలో తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివినవాడు. 1945లో, పాతికేళ్ళ వయసులో, ఒక పరిశోధనా పత్రం రాశారు. చేతిలో ఉన్న సమాచారం ఇంత అయితే, ఒక వైపుకి మొగ్గకుండా ఎంత తెలివైన పద్ధతిలో అంచనా కట్టినా దాని కచ్చితత్వం ఒక హద్దు దాటదని అందులో నిరూపించారు. దాన్నే క్రామర్-రావు హద్దు అంటారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని వెళ్ళే రోడ్డుకి ఆయన పేరే పెట్టారు, ప్రాంగణంలో ఆయన పేరిట గణిత, గణాంక సంస్థ ఉంది. 2023లో, 102 ఏళ్ళ వయసులో, అంతర్జాతీయ గణాంక బహుమతి అందుకుని అదే ఏడాది కన్నుమూశారు.

ఆ హద్దుని మన గెలుపు శాతానికి వర్తింపజేస్తే: సమంగా తూగే డెక్‌ల మధ్య పది ఆటలు ఆడితే అంచనాలో ఉండే ప్రామాణిక దోషం, అంటే అది మామూలుగా అటూ ఇటూ ఊగే మేర, దాదాపు 16 శాతం. వంద ఆడితే 5. నాలుగు వందలు ఆడితే 2.5. అంటే 50 శాతం డెక్‌నీ 55 శాతం డెక్‌నీ కాస్త నమ్మకంగా విడదీయాలంటే నాలుగు వందల ఆటలు కావాలి. ఏ ఉద్యోగస్తుడికి, ఏ విద్యార్థికి అంత తీరిక ఉంటుంది? కాబట్టి పది ఆటలు ఆడినప్పుడు గెలుపోటములు లెక్కపెట్టడం కన్నా, ఎందుకు ఓడామో రాసుకోవడం ఎక్కువ ఉపయోగం. ఏ ముక్క చేతిలో చచ్చుగా మిగిలిపోతోంది, ఏ మలుపులో ఆట చెయ్యి జారుతోంది అన్నవి పది ఆటల్లోనే కనిపిస్తాయి. శాతం కనిపించదు.

అసలు కష్టం ఇంకా ముందుంది. డెక్‌కి సొంత బలం అంటూ ఉండదు, ఎదురుగా ఎవరున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఎవరెవరు ఏమేం ఆడుతున్నారన్న ఆ వాతావరణాన్ని ఆటగాళ్ళు మెటా అంటారు. లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. హాల్లో మూడు రకాల డెక్‌లు ఉన్నాయి: వేగంగా కొట్టేవి, అడ్డుకుంటూ ఆట సాగదీసేవి, రెండు మూడు ముక్కలు కలవగానే ఒక్క దెబ్బతో ముగించేవి. మీ దగ్గర ఉన్న నిలకడ డెక్ వీటి మీద వరసగా 55, 50, 45 శాతం గెలుస్తుంది. ఇంకోటి వేగం డెక్‌ల మీదే గురిపెట్టి కట్టింది, 65, 40, 35 గెలుస్తుంది. హాల్లో వంద మందిలో 60 మంది వేగం, 25 మంది సాగదీత, 15 మంది ఒక్క దెబ్బ అయితే నిలకడ డెక్‌కి సగటున 52 శాతం, గురి డెక్‌కి 54. అదే 40, 35, 25గా ఉంటే నిలకడకి 51, గురికి 49. రెండు డెక్‌లలోనూ ఒక్క ముక్క మారలేదు, మారింది ఎదుట కూర్చున్నవాళ్ళే.

ప్రకృతిలో ఇదే జరుగుతుంది. కాలిఫోర్నియాలో సైడ్-బ్లాచ్డ్ లిజార్డ్ అనే చిన్న బల్లి ఉంది. మగవాటిలో గొంతు రంగుని బట్టి మూడు రకాలు. నారింజ గొంతువి దౌర్జన్యంగా నీలి గొంతువాటి చోటు ఆక్రమిస్తాయి. ఆ పెద్ద చోటుని కాపాడుకోలేక, ఆడబల్లుల్లా కనిపిస్తూ దొంగచాటుగా దూరే పసుపు గొంతువాటి చేతిలో మోసపోతాయి. ఆ పసుపువాటిని, తన జతని దగ్గరుండి కాపాడుకునే నీలి బల్లి తరిమేస్తుంది. ఏ రకం పెరిగితే దాన్ని గెలిచే రకం ఆ తర్వాత లాభపడుతుంది. ఏటేటా సంఖ్యలు అలా చక్రం తిరగడాన్ని బ్యారీ సినర్వో, కర్టిస్ లైవ్లీ 1996లో ప్రచురించారు. టోర్నమెంట్ హాల్లో కూడా పోయిన నెల గెలిచిన డెక్ ఈ నెల అందరూ పట్టుకొస్తారు, దాన్ని కొట్టే డెక్ తెచ్చినవాడు లాభపడతాడు.

అందుకే జపాన్‌లోనో అమెరికాలోనో గెలిచిన డెక్‌ని యథాతథంగా కట్టుకుని రావడం నాకు నచ్చదు. అది ఆ హాలుకి జవాబు. మన ఊళ్ళో ఆడేవాళ్ళు తక్కువ, మొహాలు తెలిసినవే. ఎవరు ఏ డెక్ వదలరో, ఎవరు కొత్త కార్డుల సెట్ రాగానే మార్చేస్తారో గుర్తుంచుకుంటే ఏ గెలుపుల పట్టికా చెప్పని సమాచారం అది. ఇంకోమాట: రెండు శాతం మెరుగైన డెక్ కోసం చేతికి అలవాటైన డెక్ వదలకండి. టెన్షన్‌లో, గడియారం చూసుకుంటూ ఆడేటప్పుడు కొత్త డెక్‌తో చేసే తప్పులు ఆ రెండు శాతాన్ని సులువుగా మింగేస్తాయి.

పోటీ రోజు లెక్క వేరు. మూడు ఆటల మ్యాచ్ అయితే ఒక్కో ఆటకి 55 శాతం ఉన్నవాడికి మ్యాచ్ గెలిచే అవకాశం 57.5 శాతం అవుతుంది. బాగానే ఉంది. కానీ వరసగా అయిదు మ్యాచ్‌లూ గెలిచే అవకాశం 6 శాతమే. నిజంగానే హాల్లో అందరికన్నా మెరుగైన డెక్ తెచ్చినా, ఆ రోజు ఎక్కడో ఒకచోట ఓడటం మామూలు. ఆ ఒక్క ఓటమిని చూసి డెక్‌ని పారెయ్యడం పది ఆటలు చూసి మెచ్చుకోవడం లాంటిదే.

ఓడినవాళ్ళని ఇంటికి పంపకుండా సమాన పాయింట్లున్నవాళ్ళని జతకట్టే స్విస్ పద్ధతి ఇందుకే ఉంది. పిల్లల్ని చెస్ పోటీలకి తిప్పే తల్లిదండ్రులకి ఇది తెలిసిందే. 1895లో జ్యూరిక్‌లో జరిగిన చదరంగం పోటీలో మొదలైంది. 32 మంది వస్తే అయిదు రౌండ్లు. డ్రాలు లేకపోతే చివరికి అయిదూ గెలిచినవాళ్ళు ఒకరు, నాలుగు గెలిచినవాళ్ళు 5, మూడు గెలిచినవాళ్ళు 10, ఆ తర్వాత 10, 5, 1. ఛందస్సు చదివినవాళ్ళు ఈ వరసని ఇట్టే గుర్తుపడతారు. అయిదక్షరాల పాదంలో గురువులు ఇన్ని ఉండాలంటే ఎన్ని రకాలుగా కూర్చవచ్చో చెప్పే మేరు ప్రస్తారంలోని వరస ఇది. పింగళుడి సూత్రాలకి వ్యాఖ్య రాస్తూ పదో శతాబ్దంలో హలాయుధుడు వివరించాడు.

పై ఎనిమిది మందినే తర్వాతి నాకౌట్ దశకి తీసుకునే టాప్ కట్ ఉంటే ఆరుగురు సూటిగా వెళ్తారు. మిగిలిన రెండు చోట్లకి, మూడు గెలిచి రెండు ఓడిన పదిమంది పోటీ. అక్కడ మొదట చూసేది మీతో ఆడినవాళ్ళు ఎంత శాతం మ్యాచ్‌లు గెలిచారన్నదే. మొదటి రౌండులోనే ఓడితే తర్వాత మీకు తగిలేవాళ్ళు కూడా ఓడినవాళ్ళే, వాళ్ళ శాతం తక్కువగా ఉంటుంది. అదే చివర్లో ఓడితే అప్పటికే గెలుస్తూ వచ్చినవాళ్ళతో ఆడి ఉంటారు. కాబట్టి మొదటి రౌండు పోగొట్టుకున్నవాడు తన ఆట అయిపోగానే పక్క బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడతాడు. పొద్దున తనని ఓడించినవాడు ఈ రౌండు కూడా గెలవాలి మరి.