చిల్లర పుచ్చుకోని స్ఫటికం

మోస్‌బవర్ ప్రభావం గురించి ఎమ్మెస్సీ నోట్సుల్లో సాధారణంగా ఒక్క వాక్యమే కనిపిస్తుంది: గామా కిరణాన్ని వదిలిన కేంద్రకానికి తగిలే ఎదురుదెబ్బను స్ఫటికమంతా కలిసి భరిస్తుంది, స్ఫటికం బరువైనది కాబట్టి కదలదు. ద్రవ్యవేగం వరకు ఇది నిజమే. శక్తి సంగతి వేరు, అసలు అందమంతా అక్కడే ఉంది. పరీక్షకు ఆ ఒక్క వాక్యం చాలంటూ దాన్ని వదిలేయడం విద్యార్థులకు అన్యాయం చేయడమే.

రుడాల్ఫ్ మోస్‌బవర్ 1929లో మ్యూనిక్‌లో పుట్టారు. హైంజ్ మయర్-లైబ్‌నిట్స్ దగ్గర పరిశోధక విద్యార్థిగా హైడెల్‌బర్గ్‌లో ఇరిడియం-191 అనే లోహ కేంద్రకం మీద పనిచేశారు. దాని గామా శక్తి 129 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు (ఎలక్ట్రాన్ వోల్టు అంటే అతి చిన్న శక్తిని కొలిచే ప్రమాణం). కిరణం వదిలేటప్పుడు కేంద్రకం వెనక్కి తన్నుకోవడంలో 0.047 ఎలక్ట్రాన్ వోల్టులు పోతాయి, దాన్ని అందుకుని పీల్చుకోవాల్సిన అదే రకం కేంద్రకం దగ్గర మళ్లీ అంతే పోతుంది. రేఖ వెడల్పేమో, అంటే కేంద్రకం పీల్చుకోగల శక్తిలో ఉండే వెసులుబాటేమో, ఎలక్ట్రాన్ వోల్టులో పది లక్షలో అయిదు వంతులే. అంటే కిరణం తన గురిని దాదాపు ఇరవై వేల వెడల్పుల దూరంలో తప్పుతుంది. వేడి వల్ల పరమాణువులు అటూ ఇటూ ఊగి రేఖలు పరుచుకుంటాయి కనుక కొంత శోషణ మిగులుతుంది. చల్లబరిస్తే అదీ తగ్గాలి. ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిస్తే శోషణ పెరిగింది!

ఇప్పుడు లెక్క చూద్దాం. ఎలక్ట్రాన్ వోల్టులో వెయ్యో వంతును ఒక రూపాయి అనుకోండి. ఇనుము-57 గామా శక్తి 14.4 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, ఎదురుదెబ్బ బాకీ రెండు రూపాయలు. స్ఫటికం శక్తిని తన కంపనాల రూపంలోనే, అంటే ఫోనాన్లుగానే పుచ్చుకుంటుంది. ఇనుములో అవి ఎక్కువగా ఇరవై, ముప్ఫై రూపాయల నోట్లు. చిన్న నాణేలు లేకపోలేదు, కానీ అరుదు. అయితే చాలా ఉద్గారాల మీద సగటు తీస్తే బాకీ సరిగ్గా రెండు రూపాయలే తేలాలి, ఇది క్వాంటం సిద్ధాంతం పెట్టే నియమం. ఒకసారికి ఇరవై చొప్పున చెల్లించి సగటు రెండు రావాలంటే పదిలో తొమ్మిదిసార్లు సున్నా చెల్లించాలి. ఆ సున్నాలే ఎదురుదెబ్బ లేని గామా కిరణాలు. గది వేడిమికి స్ఫటికం ముందే ఊగుతూ ఉంటుంది, ఇచ్చిపుచ్చుకోవడాలు పెరిగి సున్నాల వాటా ఇనుములో దాదాపు 80 శాతానికి దిగుతుంది. ఇరిడియం బాకీ నలభై ఏడు రూపాయలు, నోటు కన్నా పెద్దది. కనుక సున్నాలు కొద్ది శాతమే, అదీ చలిలోనే. మోస్‌బవర్ చూసిన పెరుగుదల అదే.

1958లో ఆయన కిరణాల మూలాన్ని తిరిగే బల్ల మీద పెట్టి కదిలించారు. మూలం కదిలితే డాప్లర్ ప్రభావం వల్ల కిరణం శక్తి కాస్త మారుతుంది. సెకనుకు కొన్ని సెంటీమీటర్ల వేగానికే శోషణ పోయింది. 1961లో నోబెల్ వచ్చేనాటికి వయసు 32, అప్పటికే అమెరికాలో ఉన్నారు. తర్వాత మళ్లీ మ్యూనిక్, ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ న్యూట్రాన్ కేంద్రం, న్యూట్రినోల మీద పరిశోధన. 2011లో మరణించారు.

ఇనుములో రేఖ వెడల్పు సెకనుకు మిల్లీమీటరులో పదో వంతు వేగంతో సమానం. కనుక పక్కనే పంపు అదిరినా వర్ణపటం చెడుతుంది. నమూనా మందమైతే రేఖలు ఉబ్బుతాయి. ద్రావణమైతే గడ్డకట్టించాలి, పలుచటి ద్రవంలో ఈ ప్రభావమే కనబడదు. వేగం కొలతను సరిచూసుకోవడానికి పలుచటి ఇనుప రేకు వాడతారు, అది ఆరు గీతలిస్తుంది. 1960లో హార్వర్డ్‌లో పౌండ్, రెబ్కా 22.5 మీటర్ల ఎత్తులో గురుత్వం గామా శక్తిని ఎంత మార్చుతుందో కొలిచారు. కిరణాల మూలానికీ వాటిని పీల్చుకునే శోషకానికీ మధ్య ఒక్క డిగ్రీ తేడా ఉన్నా దాదాపు అంతే మార్పు వస్తుంది. అందుకే అక్కడ వేడిమిని కనిపెట్టుకుని ఉండాల్సి వచ్చింది.

2004లో అంగారకుడి మీద ఆపర్చునిటీ రోవర్ ఇదే పద్ధతితో జారోసైట్‌ను గుర్తించింది. నీళ్లుంటేనే ఏర్పడే ఖనిజమిది. రోవర్‌లో కిరణాల మూలమైన కోబాల్ట్-57 272 రోజులకు సగమవుతుంది. మొదట కొన్ని గంటల్లో ముగిసిన కొలతకు ఏళ్లు గడిచేకొద్దీ రోజుల తరబడి పట్టింది.